మా ఆదివారం మాకియ్యండి

మా అమ్మ సమాధి మీద ‘ప్రభువునందు విశ్రమించుచున్నది’ అని చెక్కించాను. అది 2016. రాయి చెక్కినతను అక్షరానికింతని లెక్కగట్టి డబ్బులు తీసుకున్నాడు. నాటిన రాయి ముందు నిలబడి ఆ రెండు మాటలూ చదువుకుంటే నాకు యేడుపు రాలేదు, సిగ్గేసింది. డెబ్భై యేళ్లు బతికిన మనిషికి మేం యిచ్చిన మొదటి విశ్రాంతి అది. బతికుండగా వొక్క పూట యియ్యలేని వాళ్లం, పోయినాక డబ్బులు పెట్టి రాయించాం.

మా పల్లె స్మశానంలో అటూ యిటూ తిరిగి చూశాను. సమాధి కట్టించే తాహతున్న వాళ్లందరి రాళ్ల మీదా అదే మాట. పొగాకు బ్యారన్ల కాడ రాత్రంతా మంట యెగదోసినవాళ్లు, కాలవల్లో పూడిక తీసినవాళ్లు, తోళ్లు నానబెట్టి చెప్పులు కుట్టి నడుములు వంగిపోయినవాళ్లు. అందరూ యిప్పుడు విశ్రమిస్తా వున్నారంట. మాదిగోడు పడుకోవాలంటే చావాల్నా? ఈ ప్రశ్న నేను కామందుని అడుగుతున్నాను. పాస్టరు అయ్యగార్ని అడుగుతున్నాను. నన్ను పెంచిన వుద్యమాన్ని అడుగుతున్నాను. నన్ను నేను అడుక్కుంటున్నాను.

మాది ఒంగోలుకి పడమటి పక్క పల్లె. మెట్ట భూములు. పొగాకు, కంది, శనగ. నా చిన్నప్పుడు మా గుడికి గంట లేదు. వేపచెట్టుకి రైలు పట్టా ముక్కొకటి వేలాడగట్టి ఆదివారం పొద్దున యినప కడ్డీతో కొట్టేవాళ్లు. ఆ చప్పుడు వినపడితే పల్లె మొత్తం నీళ్లు పోసుకుని వుతికిన గుడ్డలు కట్టుకోవాలి. కానీ పట్టా మోగక ముందే కామందు మనిషి మా వీధి చివర నిలబడి కేకేసేవాడు. పల్లెలోకి రాడు, అంటు గదా. చివర్నించే అరుస్తాడు: “ఒరే, బ్యారన్‌కి కర్ర యెక్కించాల, రాండిరా!” కర్రలకి కుట్టిన పచ్చాకుని బ్యారన్ లోపల వేలాడదీసి అయిదారు రోజులు పొయ్యి ఆరకుండా కాచుకోవాలి. పొయ్యికి ఆదివారమని తెలీదు. మా నాయన ఆ యింట్లో పాలేరు. గుడికని తొడుక్కున్న తెల్ల చొక్కా విప్పి దండెం మీదేసి పోయేవాడు. ఆ చొక్కా పొద్దుగూకేదాకా దండెం మీదే వూగేది. ఆదివారమంటే నాకిప్పటికీ గుర్తొచ్చేది మనిషి లేని ఆ చొక్కానే.

మా నాయన పోనన్న రోజు కూడా వొకటుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఈస్టరు పండగ. “యియ్యాల రానయ్యా, గుడుంది” అన్నాడు. కామందు మనిషి నవ్వాడు. “గుడి పేరు జెప్పి పని యెగ్గొట్టడం బాగా నేర్చుకున్నార్రా, సోమరి నాయాళ్లు” అన్నాడు. సోమవారం పోతే పని లేదన్నారు. రెండు వారాలు పని లేదు. అప్పు మాత్రం వుంది. మూడో వారం మా నాయన తనంతట తనే పోయి బ్యారన్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత మళ్లీ యే ఆదివారమూ రాననలేదు. నాయన 1998లో పోయాడు.

పెద్దయ్యాక నిర్గమకాండం అయిదో అధ్యాయం చదువుతా వులిక్కిపడ్డాను. ఐగుప్తులో యిటుకలు చేసే బానిసలు మూడు రోజుల దూరం అరణ్యంలోకి పోయి మా దేవుణ్ణి కొలుచుకుంటామని అడిగితే ఫరో యేమన్నాడు? పని తక్కువై, వొళ్లు బద్ధకమై పూజలంటున్నారన్నాడు. యిటుకలకి గడ్డి యివ్వడం ఆపేశాడు, యిటుకల లెక్క మాత్రం వొక్కటి తగ్గించలేదు. అప్పటి ఫరోకీ మా వూరి కామందు మనిషికీ వొకే మాట యెవడు నేర్పాడు? యెవడూ నేర్పక్కర్లేదు. యెదటోడి రెక్కల మీద బతికేవాడికి ఆ రెక్కలు కాసేపు ఆగితే సోమరితనంగానే కనపడుతుంది.

యిది నాయన సంగతి. అమ్మ సంగతి వేరు. అమ్మకి ఆదివారమంటే రెట్టింపు చాకిరి. నాలుగింటికే లేచి నీళ్లు మోసి, మా తలలు దువ్వి, వంతు వస్తే గుడి వూడ్చి, గుళ్లో కూచుని కునికిపాట్లు పడి, పెద్దల చేత చివాట్లు తిని, ఆ తర్వాత పాస్టరు అయ్యగారి భోజనం. మా గుళ్లో అయ్యగారికి యిళ్ల వంతున పెట్టేవాళ్లు. మా వంతు వచ్చినప్పుడు అప్పు తెచ్చయినా కోణ్ణి కోసేది అమ్మ. వొకసారి ఆయన మార్త మరియల కథ చెప్పాడు. యేసు యింటికొస్తే మార్త వంటింట్లో తిప్పలు పడింది, మరియ ఆయన కాళ్ల దగ్గర కూచుని మాటలు విన్నది, మరియే మంచిది యెంచుకున్నది, కాబట్టి స్త్రీలారా మీరు మార్తలు కాకండి అని గంట సేపు చెప్పాడు. చెప్పి దిగి, చక్కా మా యింటికొచ్చి, మార్త వండిన కోడికూర తిన్నాడు. ఆయన పోయినాక అమ్మ గిన్నెలు తోముతా అన్నది: “నేను గూడా మరియ లాగా కూచునుంటే అయ్యగారు యేం తినేవాడో.” నేను యిన్నేళ్లలో విన్న ప్రసంగాల్లో అంత మంచిది యింకోటి లేదు.

యింతకీ ఈ ఆదివారం మాకు యెక్కణ్ణించి వచ్చింది? మా పల్లె కుర్రాళ్లని అడిగితే తెల్లోళ్లు తెచ్చారంటారు. వుద్యమంలోని నాస్తిక మిత్రులు అదే మాట యెగతాళిగా అంటారు. అది సగం నిజం. మిగతా సగం మా తాతలది.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి దిగాడు. అప్పటికే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల బేరం మీద వూళ్లు తిరుగుతా ఈ సువార్త సంగతి విని వున్నాడు. ఆయనా ఆయన భార్యా ఆ యేడే బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తిరిగిన పల్లెల్లో మాదిగలు వొకరి వెనక వొకరు చేరారు. చేరిన వాళ్లకి పెట్టిన కట్టడి మూడు మాటలు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డుని తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. రెండో దానితో నాకు తగాదా వుంది. ఆకలికి తిన్న తిండిని పాపమనే హక్కు యే దొరకీ లేదు. అది మరోసారి మాట్లాడతాను. యిప్పుడు మొదటి మాట సంగతి చూడండి.

వెట్టి మాదిగకి రోజంటే వూరిది. మోట బానకి తోలు, పెత్తందారు కాళ్లకి చెప్పులు, జాతరకి డప్పు, చావుకి డప్పు, కళ్లంలో చాకిరి. యెప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి. ‘రాను’ అనే మాట ఆ నోట్లో లేదు. అలాంటి నోట్లో యేడు రోజులకొకసారి ‘యియ్యాల రాను’ అన్న మాట పుట్టింది. దీన్ని భక్తి అనే వాళ్లు అనుకోండి. నేను సమ్మె అంటాను. జెండా లేదు, యూనియను లేదు, కరపత్రం లేదు. ఒంగోలు తాలూకా మాదిగలు వారం వారం చేసిన సమ్మె. ఆ మాట పెట్టిన దొర దాన్ని ఆజ్ఞ అనుకునే పెట్టి వుంటాడు. పట్టుకున్నవాళ్లు మాత్రం దాన్ని విడుదల అనుకున్నారు. వూరి పెత్తందార్లకి ఈ సంగతి అందరికన్నా ముందు అర్థమైంది. అందుకే కొట్టారు, పనుల్లోంచి తీసేశారు. మాదిగోడు యే దేవుడికి మొక్కితే వాళ్లకేం పోయింది? వారానికొక రోజు మాదిగోడి రెక్కలు చేతిలోంచి జారిపోతుంటేనే వాళ్లకి మంట.

1876 నించి 1878 దాకా ధాతు కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలిగొన్న వాళ్లకి పని యిచ్చాడు. కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు యివ్వలేదు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ యేట్లో వొక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటి కోసం మతం మారారని యెగతాళి చేసేవాళ్లు యిప్పటికీ వున్నారు. మారితే యేం? కూడు, వారానికొక రోజు సెలవు, మనిషన్న పిలుపు. ఈ మూడూ మీ మతం యిచ్చి వుంటే మా తాతలు యేట్లోకి యెందుకు దిగుతారు?

యిదంతా కిరస్తానీ గొడవ అని తీసిపారేసే అంబేద్కరిస్టు తమ్ముళ్లకి యింకో రెండు సంగతులు చెబుతాను. జ్యోతిబా ఫూలే సత్యశోధక్ సమాజ్ మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికుల కోసం యేళ్ల తరబడి పోట్లాడి 1890లో ఆదివారం సెలవు సాధించాడు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నించి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబరు మెంబరు. ఫ్యాక్టరీల్లో పనిగంటలు వారానికి 54 నించి 48కి దించిన 1946 చట్టం ఆయన తెచ్చిన బిల్లే. విశ్రాంతి మన వుద్యమాలకి చుట్టపుచూపుగా వచ్చింది కాదు, అది యింటి మనిషి. దాన్ని వీధిలోకి నెట్టింది మనమే.

నేనెట్లా నెట్టానో చెబుతాను.

1985 జులై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. నేనప్పుడు ఒంగోల్లో యింటరు చదువుతున్నాను. ప్రాణాలు చేతబట్టుకుని చీరాల చేరిన జనం శిబిరంలో వుంటే, హాస్టలు పిల్లలం అన్నం పొట్లాలు కట్టి తీసుకుపోయాం. మనవాళ్లు తలెత్తి మాట్లాడ్డం అక్కడే మొదటిసారి విన్నాను. దళిత మహాసభ పుట్టింది. ఆ రోజు నించి యిరవై రెండేళ్లు నేను ఆగలేదు. పగలు టీచరు వుద్యోగం, సాయంత్రం మీటింగులు, శనాదివారాలు పల్లెలు, యెండాకాలం సెలవుల్లో పాదయాత్రలు. 1991 ఆగస్టు 6 చుండూరు. యెనిమిది మందిని చంపారు. మళ్లీ శిబిరం, మళ్లీ పొట్లాలు, ధర్నాలు, కోర్టు వాయిదాలు. పడుకుంటే ద్రోహం చేసినట్టుండేది. వాళ్లు కాలవలో శవాలై తేలితే నేను దిండేసుకుని పడుకుంటున్నానే అనిపించేది. జ్వరంలో బిళ్ల మింగి మైకు పట్టుకున్నాను. “అక్కకి అలుపన్నదే లేదు” అని అందరూ మెచ్చుకునేవాళ్లు. మెప్పు కూడా కల్లు లాంటిదే. తాగుతున్నంత సేపూ నొప్పి తెలీదు.

2006లో వొక రాత్రి తొమ్మిదింటికి మీటింగు నించి యింటికొచ్చేసరికి మా బళ్లో యెనిమిది చదివే పిల్ల మెట్ల మీద కూచుని వుంది. మన పిల్లే. హాస్టల్లో వుంటది. “టీచరమ్మా, వొక మాట” అంది. నా కాళ్లు లాగుతున్నాయి, తల పగిలిపోతుంది, పొద్దున్నే అయిదింటి బస్సుకి గుంటూరు పోవాలి. “రేపు చెప్పమ్మా” అన్నాను. ఆ పిల్ల కాసేపు నిలబడి పోయింది. రేపు నేను గుంటూర్లో వున్నాను, ఆడపిల్లల చదువు మీద వుపన్యాసం యిస్తా. నాలుగు రోజులకి వాళ్ల నాయన వచ్చి సంచి సర్దించి తీసుకుపోయాడు. మేనమామకిచ్చి పెళ్లి చేశారని నెల తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఆ పిల్ల నాకు యేం చెప్పబోయిందో తెలుసుకోడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. జాతి మొత్తానికి జరిగిన అన్యాయం మీద గంటలు గంటలు మాట్లాడే మనిషికి, మెట్ల మీద కూచున్న వొక్క పిల్ల మాట వినే వోపిక మిగల్లేదు. అలసిపోయిన వుద్యమకారుడు తనకొక్కడికే చేటనుకుంటాడు. కాదు. ముందు చేటు ఆ మెట్ల మీద కూచున్న వాళ్లకి.

2007లో చుండూరు తీర్పు వచ్చిన యేడు నేను కూలిపోయాను. బస్టాండులో. గుండెపోటనుకున్నారు, కాదు. వూరికే యేడుపు. అన్నం చూస్తే వాంతి. నిద్ర రాదు, లేవబుద్ధి కాదు. కరపత్రం చదివితే అక్షరాలు కనపడతాయి, అర్థం కాదు. అన్నిటికన్నా భయం వేసిందేమంటే, యెక్కడో మనవాళ్లని కొట్టారని చెప్పినా నాలో యేమీ కదల్లేదు. కట్టెలైపోయిన పొయ్యి లాగా వున్నాను.

సంఘం పెద్దలొచ్చారు. “విశ్వాసం సన్నగిల్లింది, సాతాను శోధన, మూడు రోజులు వుపవాసం పట్టమ్మా” అన్నారు. అసలే తిండి పోక చస్తున్నదాన్ని వుపవాసముండమన్నారు. వుద్యమ మిత్రులొచ్చారు. “యివన్నీ మధ్యతరగతి జబ్బులక్కా, జనంలోకొస్తే అవే పోతాయి” అన్నారు. వొకరు దేవుడి పేరుతో, యింకొకరు జనం పేరుతో. యిద్దరూ చెప్పింది వొకటే: లే, పనికి పద. వాళ్లు మెట్లు దిగుతుంటే నాకు వీధి చివర కేకేసే కామందు మనిషి గొంతు వినపడింది. ఈ మాట కటువుగా వుంటుందని తెలుసు. అయినా తీసెయ్యను.

అప్పుడు పల్లె నించి మా అమ్మ వచ్చింది. సంచిలో జొన్నపిండి, చింతపండు, వొక కోడి. అమ్మకి చదువు రాదు. మిషను బైబిలమ్మ చిన్నప్పుడు చెప్పిన కథలన్నీ నోటికొచ్చు. మూడో రోజు కాబోలు, కంచం ముందు పెట్టి నేను తిననంటే ఏలీయా కథ యెత్తింది. ఏలీయా మన లాంటోడే. ఆహాబు రాజుతో, యెజెబెలు రాణితో తలపడ్డాడు. ఆమె చంపిస్తానంటే అరణ్యంలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, యిక నా వల్ల గాదు, నా పానం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు.

“అప్పుడు దేవదూత వొచ్చి యేం జెప్పాడే? ప్రార్థన చేసుకోమన్నాడా? నీకు విశ్వాసం లేదని తిట్టాడా? మళ్లీ రాజు మీదికి పొమ్మన్నాడా? నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాడు నీళ్లు పెట్టి, లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. నడిచే పని ఆ తర్వాత గదా. నువ్వు ఏలీయా కన్నా గొప్పదానివేందే? తిను.”

తిన్నాను. పడుకున్నాను. ఆరు వారాలు.

డాక్టరమ్మ దీన్ని బర్నౌట్ అంటారని చెప్పింది. ఆ మాట పుట్టుక తర్వాత చదివాను. న్యూయార్కులో పేదలకి వుచితంగా వైద్యం చేసే క్లినిక్కులో పనిచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు 1974లో దాన్ని రాశాడు. తన పక్కన జీతం లేకుండా సేవ చేసే కార్యకర్తలు వొక్కొక్కరే ఆరిపోతుంటే చూసి పెట్టిన పేరు అది. అంటే ఈ జబ్బు మొదట కనపడింది కంపెనీ ఆఫీసర్లలో కాదు, మన లాంటి వాళ్లలోనే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని గుర్తులు మూడు చెప్పింది: వొంట్లో సత్తువ పోవడం, చేసే పని మీద విరక్తి పుట్టడం, చేసింది పనికిరావడం లేదనిపించడం. రెండోది చదివినప్పుడు మెట్ల మీది పిల్ల కళ్ల ముందుకొచ్చింది. వాళ్లు యింకో మాటా చెప్పారు. యిది రోగం కాదు, పనికి సంబంధించిన పరిస్థితి అని. మా అమ్మ ముందే చెప్పింది. తప్పు ఏలీయా విశ్వాసంలో లేదు, వొంటి మీద పడ్డ బరువులో వుంది.

అయితే నేను యిక్కడ ఆగితే అబద్ధం చెప్పినట్టే. ఆ ఆరు వారాలూ నాకు వండిపెట్టిన మా అమ్మకి అరవై వొకటి. నా గుడ్డలుతికింది, నీళ్లు మోసింది, నన్ను చూడొచ్చిన వాళ్లందరికీ టీలు కాసింది. రాత్రి నేలమీద పడుకుని నడుం పట్టుకుని మూలుగుతుంటే నేను మంచం మీద నించి విన్నాను. విని, మళ్లీ నిద్రపోయాను. నా విశ్రాంతి ఖరీదు మా అమ్మ నడుం. కామందు మా నాయన ఆదివారం తిన్నాడని యిందాక రాశాను. మా అమ్మ ఆదివారాలు యెవరు తిన్నారు? నాయన తిన్నాడు, అయ్యగారు తిన్నాడు, నేను తిన్నాను.

పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం ఆజ్ఞని యెవరైనా వేళ్ల మీద లెక్కపెట్టి చదివారా? నేను లెక్కపెట్టాను. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ యెద్దు, నీ గాడిద, నీ వూళ్లో వుండే పరదేశి. అందరికీ ఆ రోజు పని లేదు. యెందుకంటే మీరు ఐగుప్తులో బానిసలుగా వున్నారు, ఆ సంగతి మర్చిపోవద్దని ద్వితీయోపదేశకాండం కారణం చెబుతుంది. బానిసత్వం యెరిగిన జనం మాత్రమే రాయగలిగిన ఆజ్ఞ అది. నాకు చాలా యిష్టం. కానీ ఆ వరసలో భార్య లేదు. యెద్దుకుంది సెలవు, గాడిదకుంది, ఆలికి లేదు. మన సంక్రాంతీ అంతే. కనుమ నాడు యెద్దుల మెడ మీద కాడి పెట్టరు, కొమ్ములకి రంగులేస్తారు. ఆ రోజు గారెలు వండేదెవరు? ఐగుప్తు నించి బయటపడ్డ మగవాళ్లు కూడా యింట్లో చిన్న ఐగుప్తుని వుంచుకున్నారు. దళిత మగవాళ్లు అందుకు మినహాయింపు కాదు. మహాసభల్లో వంటశాల వైపు యెవరున్నారో, వేదిక మీద యెవరున్నారో పాత ఫోటోలు తీసి చూడండి. వంటశాల వైపు ఫోటోలే వుండవు.

యింకో అలసట వుంది. దాన్ని యే డాక్టరూ పట్టుకోలేడు. మా పల్లెలో చాలామందికి రెండు పేర్లు. గుళ్లో వొకటి, సర్టిఫికెట్లో వొకటి. 1950 రాష్ట్రపతి వుత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాదన్నది. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుణ్ణి, ముస్లిముని బయటే వుంచారు. వూరు మాత్రం మమ్మల్ని యే రోజూ బయట వుంచలేదు. కొట్టేటప్పుడు మా మతం యెవడడిగాడు? ఆఫీసులో వొక మనిషి, ఆదివారం యింకో మనిషి. నా పక్కింటాయన కూతుర్ని గుళ్లో పేరుతో బజార్లో పిలవడానికి భయపడేవాడు. నిద్రలో కూడా కాపలా కాసే బతుకది. యిలా పుట్టించిన అలసటని ప్రార్థన లోపమంటే నేనొప్పుకోను.

“శత్రువు నిద్రపోతున్నాడా అక్కా, మనం పడుకోడానికి?” అని అడుగుతారు తమ్ముళ్లు. నిద్రపోతున్నాడు నాయనా, హాయిగా. వాడి పొలం మనం చూస్తాం, వాడి పాకీ మనం యెత్తుతాం, వాడి కేసుని వాడి వకీలు చూస్తాడు. చుండూరు కేసే చూడండి. 1991లో హత్యలు. 2007లో శిక్షలు. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. యిరవై మూడేళ్లు! యిన్నేళ్లు నడిచే పోరాటానికి రెండేళ్లలో భగ్గుమని మండి బూడిదయ్యే కుర్రాళ్లతో పనవుతుందా? మనల్ని అలగ్గొట్టడమే వాళ్ల వ్యూహం. వాయిదాలన్నీ అందుకే. బాబాసాహెబ్ నిద్ర మానుకుని చదివాడని జయంతి సభల్లో చెబుతాం. చక్కెర జబ్బుతో, కాళ్ల నొప్పులతో 65 యేళ్లకే పోయాడని చెప్పం. 1956 అక్టోబరు 14న దీక్ష తీసుకున్నాడు, డిసెంబరు 6న లేడు. ఆయన యింకో పదేళ్లు వుంటే ఈ దేశం యెట్లా వుండేదో ఆలోచించండి, ఆ తర్వాత కుర్రాళ్లకి నిద్ర మానమని చెప్పండి.

గుడి పెద్దలకీ వొక మాట. మీ యేసు తుపానులో పడవ వెనక భాగంలో దిండేసుకుని పడుకున్నాడు. తినడానికి తీరిక లేని శిష్యుల్ని యేకాంతంగా పోయి కాస్త అలుపు తీర్చుకుందాం రమ్మన్నాడు. భారం మోసేవాళ్లు నా దగ్గరికి రండి, విశ్రాంతి యిస్తానన్న మాట మీ గోడ మీద నీలం రంగుతో రాసుంది. ఆ గోడ కిందే వారమంతా కూలికి పోయిన ఆడవాళ్లకి శుక్రవారం వుపవాసం, రాత్రి జాగరణ ప్రార్థన, ఆదివారం వంట, ప్రతి కూటానికీ చందా. యిచ్చేది విశ్రాంతా, యింకో కాడా?

నా డిమాండ్లు పెద్దవేం కావు. గుళ్లో ఆదివారం వంట మగవాళ్లు చెయ్యండి, అయ్యగారు గిన్నెలు తోమాలి. వుపవాసం పెట్టే ముందు ఆ మనిషి వారంలో యెన్ని పూటలు తిన్నదో అడగండి. వుద్యమంలో పూర్తికాలం పనిచేసే వాళ్లకి యేడాదికి నెల సెలవివ్వండి, భత్యం ఆపకుండా. కూలిపోయిన వాళ్ల యింటికి పోతే వుపన్యాసం కాదు, అన్నం గిన్నె తీసుకుపోండి. మీటింగులో పసిపిల్లల్ని యెవరు చూస్తారో ముందు తేల్చి, తర్వాత యెజెండా రాయండి. మా పల్లెలో సెలవు రోజుకి కూలి అందుకున్న వ్యవసాయ కూలీని నేనింతవరకూ చూళ్లేదు. కూలి రేటు కోసం పోట్లాడినట్టే దాని కోసం పోట్లాడండి.

నేనిప్పటికీ మీటింగులకి పోతున్నాను. ఆదివారం మాత్రం పోను. పిలిస్తే ‘యియ్యాల రాను’ అంటాను. మొదట్లో ఆ మాట అనడానికి గొంతు వణికేది. వెనక్కి తిరిగి చూస్తే పేరయ్య వెంట నడిచిన వాళ్లంతా అక్కడ నిలబడి వున్నట్టనిపించింది, వణుకు తగ్గింది. ఆ రోజు నేనే వండుకుంటాను, యెవరొచ్చినా వాళ్ల కప్పు వాళ్లే కడగాలి. సాయంత్రం మెట్ల మీద కూచుంటాను. బడి పిల్లలొస్తారు. వాళ్లు చెప్పేది చివరిదాకా వింటాను. పోగొట్టుకున్న ఆ వొక్క పిల్ల తిరిగి రాదు. యింకో పిల్లని మాత్రం ‘రేపు రా’ అని పంపను.

యింట్లో చెప్పి వుంచాను. నేను పోతే నా రాయి మీద విశ్రమించుచున్నది అని చెక్కించొద్దు. ఆ పని నేను బతికుండగానే చేసుకుంటున్నాను.